బోలు తలుపును అడ్డంగా కోసి డచ్ డోర్‌గా మార్చడం: ఎక్కడ కోయాలి, కోసిన చోట ఏమి నింపాలి?

ప్రశ్న – తణుకు_డాలస్

అందరికీ నమస్కారం. డాలస్ శివారులో 2009లో కట్టిన ఇంట్లో ఉంటున్నాము. వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గదిని మా ఏడాదిన్నర బాబుకు ఆటగదిగా ఇచ్చి, గుమ్మానికి అడ్డంగా బిగించే గేటు ఒకటి కొని పెట్టాము. ఆ గేటుకు అడుగున నేలను ఆనుకుని ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. మా అమ్మ తణుకు నుంచి వచ్చినప్పటి నుంచి రోజుకు పాతికసార్లు దానిని గడపలా దాటవలసి వస్తున్నది. ఇప్పటికే రెండుసార్లు కాలు తగిలి తూలింది. అందువల్ల ఆ గేటు తీసివేసి, గదికి ఉన్న తలుపునే అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింది సగం మూసి పై సగం తెరిచి ఉంచుకునే డచ్ డోర్‌గా మార్చాలని ఉంది.

తలుపు సాదా పలకది, లోపల బోలు. వేలితో తడితే డప్పులా మోగుతుంది. ఎత్తు 80 అంగుళాలు, వెడల్పు 30, మందం 1⅜ (అంటే 35 మి.మీ.). ఆటగదిలోకి తెరుచుకుంటుంది. మూడు బందులు ఉన్నాయి. తలుపు అడుగు అంచు నుంచి కొలిస్తే కింది బందు 11 నుంచి 14½ అంగుళాల మధ్య, నడిమి బందు 40¼ నుంచి 43¾ మధ్య, పై బందు 69½ నుంచి 73 మధ్య ఉన్నాయి. గుండ్రటి పిడి కేంద్రం అడుగు అంచు నుంచి 35½ అంగుళాల ఎత్తులో ఉంది. సరిగ్గా సగానికి, అంటే 40 అంగుళాల దగ్గర కోద్దామని అనుకుంటున్నాను. నా దగ్గర కరెంటు రంపం, ఉలి, నాలుగు క్లాంపులు ఉన్నాయి. వడ్రంగంలో అనుభవం మాత్రం పుస్తకాల అరలు బిగించినంత వరకే. బోలు తలుపును కోస్తే అసలు నిలుస్తుందా, నిలిస్తే ఏ ఎత్తులో కోయడం మంచిది అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం – చెక్కపొట్టు (న్యూజెర్సీ)

తణుకు గారూ, నిలుస్తుంది. నేను మా ఇంట్లో రెండు తలుపులు ఇలా మార్చాను. మొదటిది పాడుచేసి రెండవది బాగుచేశానని చెప్పడం నిజానికి దగ్గరగా ఉంటుంది. మీరు కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి సూటిగా చెబుతాను: 40 దగ్గర కోయవద్దు, 38½ దగ్గర కోయండి.

కారణం నడిమి బందు. 40 దగ్గర కోస్తే పై ముక్క కింది అంచుకు, ఆ బందుకు మధ్య పావు అంగుళమే మిగులుతుంది. ఆ కాస్త కొయ్యలో మర పట్టదు, చీలిపోతుంది. 38½ దగ్గర కోస్తే బందు కింద ఒకటిం ముప్పావు అంగుళం కొయ్య మిగులుతుంది. అప్పుడు మీ నడిమి బందే పై ముక్కకు కింది బందుగా పనికివస్తుంది. పిడి కోసం తొలిచిన రంధ్రం వ్యాసం సాధారణంగా 2⅛ అంగుళాలు కనుక దాని పై అంచు సుమారు 36½ దగ్గర ఆగుతుంది. అంటే పిడి, తాళం, నాలుక, ద్వారబంధంలో నాలుక దిగే రంధ్రం, ఇవేవీ కదలకుండా కింది ముక్కలోనే ఉండిపోతాయి. మీరు కొత్తగా బిగించవలసినది ఒకే ఒక్క బందు: కింది ముక్కకు పైన, 30 నుంచి 33½ అంగుళాల మధ్య.

ఆ కొత్త బందును తలుపు కోసిన తరువాత కాదు, కోయక ముందే బిగించండి. తలుపు నిండుగా వేలాడుతుండగానే ద్వారబంధం మీదా తలుపు అంచు మీదా ఒకేసారి గీత గీసి, రెండు చోట్లా బందు రేకు మందం మేరకు ఉలితో గాడి తీసి, నాలుగు బందుల మీద తలుపు తేలికగా తిరుగుతున్నదని చూసుకున్నాకే కిందికి దించాలి. కోసిన తరువాత రెండు ముక్కలూ వేటికవి కుదురుగా వేలాడేలా బందులు అమర్చడం అలవాటు లేని చేతికి చాలా కష్టం. నా మొదటి తలుపు పాడైంది అక్కడే. మూసినప్పుడు పై ముక్క కింది ముక్క కంటే రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చి నిలబడేది, రోజూ కంట్లో నలుసులా ఉండేది.

ఇక లోపలి సంగతి. ఈ తలుపుల్లో చుట్టూ అంగుళం వెడల్పున కొయ్య పట్టెల చట్రం, దానికి రెండు వైపులా సుమారు ⅛ అంగుళం మందం హార్డ్‌బోర్డు పలకలు, మధ్యలో తేనెపట్టు గళ్ల అట్ట మాత్రమే ఉంటాయి. పిడి ఉన్న చోట అంచున ఒక నిండు కొయ్య దిమ్మె పెడతారు. చాలా తలుపుల్లో ఎటు కావాలంటే అటు పిడి బిగించుకోవడానికి వీలుగా రెండు అంచులకూ పెడతారు. మీరు అడ్డంగా కోసిన మరుక్షణం ఆ నాలుగు వైపుల చట్రం మూడేసి వైపులే ఉన్న రెండు చట్రాలుగా మారిపోతుంది. నాలుగో వైపును మీరే ఇవ్వాలి. అసలు పని అదే; కోత అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

కోసే ముందు గీత మీద రంగుల పనివాళ్లు వాడే కాగితపు టేపు అంటించి, ఉక్కు స్కేలు ఆనించి పదునైన కత్తితో రెండు వైపులా పలక పైపొర తెగేలా గీయండి. కరెంటు రంపం పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పెళ్లలు లేచేది పై వైపున. వంటగది నుంచి కనబడే ముఖాన్ని కిందికి తిప్పి పడుకోబెట్టండి. రంపానికి ఆనుకుని జరగడానికి తిన్నని బద్ద ఒకటి క్లాంపులతో బిగించండి. బ్లేడు మందం సుమారు ⅛ అంగుళం తినేస్తుంది. రెండు ముక్కల మధ్య మీకు కావలసిన సందు కూడా అంతే కనుక మళ్లీ గోకవలసిన పని ఉండదు.

కోశాక రెండు నోళ్లలోనూ అట్టను రెండున్నర అంగుళాల లోతు వరకు లప్పం కత్తితో తెగ్గొట్టి లాగివేయండి. పలకలకు అంటుకుని మిగిలిన జిగురు బొడిపెలను ఉలితో చదును చేయకపోతే పట్టె లోపలికి దూరదు. నింపవలసిన పట్టె మందం 1⅜లో నుంచి రెండు పలకల మందం తీసివేస్తే 1⅛ అంగుళం. ఇక్కడ చాలామంది దుకాణం చుట్టూ తిరుగుతారు. ఎందుకంటే 2×4 అని అమ్మే కొయ్య నిజానికి 1½ × 3½ ఉంటుంది, 1×3 అని అమ్మేది ¾ మందమే ఉంటుంది. ఏదీ నేరుగా సరిపోదు. ¾ అంగుళం పైన్ బద్దకు ⅜ అంగుళం ప్లైవుడ్ అతికిస్తే లెక్క సరిగ్గా 1⅛ అవుతుంది. అయినా లెక్కను నమ్మి ముందే కోసుకోకుండా, మీ తలుపు నోరు తెరిచాక లోపల కొలిచి, దానికి తగ్గట్టు చిత్రిక పట్టండి. పట్టె చేత్తో నెడితే దూరాలి. సుత్తితో దిగగొడితే పలకలు ఉబ్బి, ఆ ఉబ్బు రంగు వేశాక ఇంకా స్పష్టంగా కనబడుతుంది. దిమ్మె అడ్డం వచ్చిన చోట పట్టెను దిమ్మెకు ఆనించి ఆపేయండి, దిమ్మెను తొలచవద్దు. పలకల లోపలి వైపూ పట్టెకూ కొయ్య జిగురు బాగా పూసి దూర్చి, పైనా కిందా చెక్కలు అడ్డం పెట్టి క్లాంపులు బిగించి, రాత్రంతా వదిలేయండి.

రెండు ముక్కలూ కలిసి కదలడానికి కోతకు అడ్డంగా ఒక చిన్న గడియ, మధ్యలో సందు కనబడకుండా పై ముక్కకు పావు అంగుళం మందం, ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉన్న బద్ద ఒకటి కావాలి. ఆ బద్దలో సగం పై ముక్క మీద, సగం కోతకు కిందికి వేలాడాలి. మరలన్నీ మీరు నింపిన పట్టెలోకే దిగాలి, ఉత్త పలక మర బరువును మోయలేదు.

సమాధానం – రసమట్టం (హైదరాబాదు)

పై సమాధానంతో పద్ధతి విషయంలో ఏకీభవిస్తాను, తలుపు విషయంలో కాదు. నేను ఇళ్ల లోపలి పనులు చేయించే వృత్తిలో ఉన్నాను. ఇక్కడ మా దగ్గర ఫ్లష్ డోర్ అంటే ఎక్కువగా లోపల కొయ్య బద్దలు పేర్చి నింపిన తలుపే. మన ప్రమాణాల్లోనూ నిండు తలుపుకు ఐఎస్ 2202, బోలు తలుపుకు ఐఎస్ 2191 అని వేరువేరుగా ఉన్నాయి. నిండు తలుపును ఎక్కడ కోసినా కొయ్యే కనబడుతుంది కనుక అంచుకు ఒక పట్టీ అతికిస్తే పని అయిపోతుంది. కోసిన చోట అట్ట లాగి, పట్టె చెక్కి, జిగురు పోసి కూర్చునే బదులు మీ ఊళ్లో నిండు తలుపు పలక ఒకటి కొనుక్కుని దానినే కోసుకోమని నా సలహా. బరువు రెట్టింపు దాటుతుంది, డబ్బు కూడా ఎక్కువే, కాని పిల్లవాడు వేలాడినా చెక్కుచెదరదు.

బోలు తలుపుతోనే ముందుకు వెళ్లదలచుకుంటే ఒక లెక్క చూసుకోండి. సగానికి కోస్తే బరువు సగమవుతుంది కాబట్టి బందుల మీద భారం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. తగ్గదు. తలుపు తన బరువుతో పై బందును లాగే బలం, ఆ బరువును వెడల్పులో సగంతో గుణించి, రెండు చివరి బందుల మధ్య దూరంతో భాగిస్తే వస్తుంది. మీ తలుపు 28 పౌన్లు ఉన్నదనుకుంటే, నిండు తలుపుకు ఆ దూరం 58½ అంగుళాలు కనుక లాగుడు సుమారు 7 పౌన్లు. కింది ముక్క బరువు 14 పౌన్లే అయినా దాని బందుల మధ్య దూరం 19 అంగుళాలే కనుక లాగుడు 11 పౌన్లు అవుతుంది. ఇక 25 పౌన్ల పిల్లవాడు పిడి పట్టుకుని ఊగితే అదనంగా మరో 35 పౌన్ల పైనే పడుతుంది. అందువల్ల కింది ముక్క పై బందులో, ద్వారబంధం వైపు ఉన్న ఒక చిన్న మర తీసివేసి, ద్వారబంధం దాటి గోడ లోపలి నిలువు కొయ్యలోకి దిగే 3 అంగుళాల మర బిగించండి. మీ అమెరికా ఇళ్లలో ద్వారబంధం ముప్పావు అంగుళం పలకే తప్ప మాలాగా నిండు టేకు కాదు కదా.

సమాధానం – రెండు_జడలు (సియాటిల్)

మా ఇంట్లో కవల ఆడపిల్లలు ఉన్నారు, ఇలాంటి తలుపు మూడేళ్లుగా వాడుతున్నాము. చెక్కపని గురించి పై ఇద్దరూ చెప్పారు కాబట్టి పిల్లల సంగతి మాత్రం చెబుతాను.

కింది ముక్క మీద చిన్న అరలాంటి పలక బిగించుకోవడం ఇక్కడ చాలామందికి ఇష్టం. ఆటగదికి మాత్రం వద్దు. పిల్లలు పట్టుకుని ఎగబాకడానికి అది మెట్టులా పనికివస్తుంది. పైగా ఆ పలక మందం మేరకు పై ముక్కను ఇంకా కోయాలి; వంటగది వైపు ముందుకు వస్తే ద్వారబంధానికి ఉన్న ఆపు బద్దకు తగులుతుంది, గది వైపు బందు దాకా పొడవుగా ఉంటే తలుపు తెరిచినప్పుడు గుమ్మం అంచు పట్టీకి కొట్టుకుంటుంది. గడియను వంటగది వైపే, అంచుకు రెండంగుళాలు లోపలికి పెట్టించండి. అక్కడైతే ఆపు బద్దకు తగలదు, పిల్లవాడి చేతికీ అందదు. బందుల వైపు నిలువు సందులో వేళ్లు నలిగే ప్రమాదం మామూలు తలుపుకు ఉన్నట్టే దీనికీ ఉంటుంది. కాని సగం తలుపు తేలిక కనుక పిల్లలు దానిని విసురుగా వేస్తారు. అంచుకు తొడిగే మెత్తటి స్పాంజి ముక్క ఒకటి ఉంచుకోండి.

ఈ ప్రశ్న చదివి తమ ఇంట్లో మొదలుపెట్టబోయేవారికి రెండు మాటలు. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా రంపం గాని ఉప్పు కాగితం గాని పెట్టవద్దు. గ్యారేజీ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కోయవద్దు. అక్కడ నిండు కొయ్య తలుపో, ఉక్కు తలుపో, 20 నిమిషాలు మంటను ఆపే తలుపో ఉండాలని ఇక్కడి గృహ నిర్మాణ నియమావళి చెబుతుంది; మధ్యలో కోసిన తలుపు ఆ పని చేయదు.

మరొక మాట. మా తలుపు సాదాది కాదు, ఆరు గళ్లు ఉబ్బెత్తుగా అచ్చు పోసినది. కోత ఒక గడి అంచు మీదుగా వెళ్లినందువల్ల అక్కడ రెండు పలకల మధ్య ఖాళీ ఒక్కోచోట ఒక్కోలా ఉండి, నింపుడు పట్టెను నాలుగుసార్లు చెక్కవలసి వచ్చింది. అటువంటి తలుపు ఉన్నవారు పిడి దగ్గర ఉండే చదునైన అడ్డ పట్టీలోనే కోత పడేలా చూసుకోవాలి, అది కుదరకపోతే సాదా పలక కొనుక్కోవడమే మేలు.

తిరిగి – తణుకు_డాలస్

అందరికీ కృతజ్ఞతలు. రసమట్టం గారి సలహా సబబే అనిపించినా, ఉన్న తలుపు పాడైతే అప్పుడు నిండు తలుపు కొందామని బోలు తలుపుతోనే మొదలుపెట్టాను. కొత్త బందు ముందే బిగించి, 38½ దగ్గర కోశాను. లోపల నుంచి వచ్చిన అట్ట గళ్లు చూసి మా బాబు దానిని లాక్కుని పోయి వారం రోజులు ఆడుకున్నాడు. దిమ్మె పిడి వైపే ఉన్నది, బందుల వైపు లేదు. అయినా కొత్త బందు మరలు అంగుళం పట్టెలో గట్టిగానే పట్టాయి. నా తలుపులో పలకలు చెప్పినదానికంటే కాస్త పలచన కాబోలు, లోపలి ఖాళీ 1⅛ కంటే గోరంత ఎక్కువ వచ్చింది. ప్లైవుడ్ వైపు ఒక పొర పలచని చెక్కరేకు అతికించి సరిపెట్టాను.

ఒక్కచోట దెబ్బతిన్నాను. సందు మూసే బద్దను వంటగది వైపు కనబడితే అందంగా ఉంటుందని పై ముక్కకు ఆ వైపే బిగించాను. తలుపు తగిలించి, గడియ తీసి, పై ముక్కను గదిలోకి నెట్టాను. కింది ముక్క కూడా దానితోపాటు వచ్చేసింది. కింది ముక్కను పిడి నాలుకతో మూసి ఉంచి నెడితే పై ముక్క అసలు కదలలేదు. పది నిమిషాలు బందులను అనుమానించాక గాని అర్థం కాలేదు: తలుపు గదిలోకి తెరుచుకుంటుంది, బద్ద వెనుక నుంచి కింది ముక్కను కౌగిలించుకుని ఉన్నది. మా అమ్మ ఇదంతా చూస్తూ, "మన పెంకుటింటి కిటికీ రెక్కలకు బద్ద ఎటు వైపు ఉండేదో గుర్తు చేసుకోరా" అన్నది. ఆ కిటికీలకు పై రెక్కలు, కింది రెక్కలు వేరుగా ఉండి, పగలు కిందివి మూసి పైవి తెరిచేవాళ్లం; బద్ద ఎప్పుడూ తెరుచుకునే వైపే ఉండేది.

ఇప్పుడు బద్ద ఊడదీశాను. మిగిలిన రంధ్రాలు ఏమి చేయాలి, మళ్లీ బిగించేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

సమాధానం – చెక్కపొట్టు (న్యూజెర్సీ)

తప్పు నాది, ఏ వైపు బిగించాలో రాయడం మరచిపోయాను. మా న్యూజెర్సీలో 17వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన డచ్చివాళ్ల ఇళ్ల పద్ధతిలో కట్టినవి ఇప్పటికీ ఉన్నాయి, వాటి తలుపుల్లో రెండు ముక్కల అంచులనూ మెట్టులా చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడతారు. నిండు కొయ్య కాబట్టి వాళ్లకు అది కుదిరింది, మన బోలు తలుపుకు బద్దే గతి. పై ముక్కకు బిగిస్తే అది తెరుచుకునే వైపు, అంటే మీకు ఆటగది వైపు ఉండాలి. వంటగది వైపే కావాలనుకుంటే అదే బద్దను కింది ముక్కకు బిగించి పైకి పొడుచుకు వచ్చేలా పెట్టవచ్చు. అప్పుడు దాని రెండు చివరలూ ఆపు బద్దల మధ్య ఇమిడేలా పొడవు తగ్గించాలి. పిల్లవాడు ఉన్నాడు కనుక నేనైతే మొదటిదే చేస్తాను, పట్టుకోవడానికి వాడికి అంచు దొరకదు.

రంధ్రాలలో జిగురులో ముంచిన పళ్లపుల్లలు దూర్చి, ఆరాక అంచుకు సమంగా కోసి, పైన లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దండి. బద్దను బందుల వైపు ఒక అంగుళం పొట్టిగా కోయండి, లేకపోతే పూర్తిగా తెరిచినప్పుడు గుమ్మం పట్టీకి తగులుతుంది. రంగు వేసేటప్పుడు కోసిన రెండు అంచులకూ తప్పకుండా వేయండి. రంగు పూయని కొయ్య వానాకాలపు తేమకు ఉబ్బితే మీరు వదిలిన ⅛ అంగుళం సందు మూసుకుపోతుంది. రంగు రెండు పూతలే వేయండి. మూడో పూతతో నా రెండవ తలుపు పట్టేసింది, చిత్రిక మళ్లీ బయటికి తీయవలసి వచ్చింది.